సముద్రం అడుగున కరెంటు తీగలు.. గాలి ఒక దేశానిది, నీళ్లు ఇంకో దేశానివి, మరి బిల్లు ఎవరిది?

జర్మనీలో గాలి వీయలేదు. నార్వేలో కరెంటు ధర భగ్గుమంది. వినడానికి విచిత్రంగా ఉన్నా 2024 డిసెంబర్‌లో జరిగింది ఇదే. ఈ రెండు దేశాల మధ్య ఉన్నది సముద్రం. ఆ సముద్రం అడుగున ఉన్నది నార్డ్‌లింక్ అనే భారీ కరెంటు తీగ. గాలి, నీళ్లు, ఎండ నుంచి పుట్టే కరెంటును దేశాలు పంచుకోవడానికి ఇలాంటి తీగలు వేస్తున్నారు. ఇప్పుడు భారత్ కూడా శ్రీలంకతో, గల్ఫ్ దేశాలతో ఇదే ఆలోచన చేస్తోంది. అసలు ఈ తీగలు ఎలా పనిచేస్తాయి? ఎవరికి లాభం? గొడవ ఎక్కడ మొదలవుతోంది?

అసలు ఈ తీగలు ఎందుకు?

గాలిమర, సోలార్ ప్యానెల్.. ఈ రెండింటితో ఒకటే చిక్కు. మనకు కావాల్సినప్పుడు కాకుండా, వాటికి వీలైనప్పుడే కరెంటు ఇస్తాయి. డెన్మార్క్‌నే తీసుకుంటే, అక్కడ తయారయ్యే కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వస్తుంది. గాలి జోరుగా వీచిన రాత్రి కరెంటు వాడకానికి మించి వస్తుంది. గాలి పడిపోయిన రోజు కొరత తప్పదు.

నార్వే పరిస్థితి వేరు. అక్కడి కరెంటులో సుమారు 90 శాతం జలవిద్యుత్తే. కొండల మధ్య పెద్ద పెద్ద జలాశయాలు ఉన్నాయి. గేటు మూస్తే నీళ్లు ఆగుతాయి, తెరిస్తే కరెంటు వస్తుంది. నీళ్ల రూపంలో కరెంటును దాచుకునే వీలు వారికి ఉంది.

ఇప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడండి. డెన్మార్క్‌లో గాలి బాగా వీచినప్పుడు, ఆ చౌక కరెంటును నార్వే కొనుక్కుంటుంది. ఆ సమయంలో తన జలాశయాల్లో నీళ్లు వదలకుండా దాచుకుంటుంది. గాలి ఆగగానే ఆ నీళ్లు వదిలి, కరెంటును వెనక్కి పంపుతుంది. మన శ్రీశైలంలో పగలు నీళ్లు ఆపి, సాయంత్రం డిమాండ్ పెరిగినప్పుడు టర్బైన్లు తిప్పితే ఎలా ఉంటుందో అలాగే. కాకపోతే ఇక్కడ జలాశయం ఒక దేశంలో, గాలిమర ఇంకో దేశంలో ఉంటాయి. మధ్యలో సముద్రం.

ఎక్కడెక్కడ ఉన్నాయి?

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1954లోనే స్వీడన్ తన ప్రధాన భూభాగం నుంచి గోట్లాండ్ ద్వీపానికి సముద్రం అడుగున దాదాపు 100 కిలోమీటర్ల తీగ వేసింది. దాని సామర్థ్యం 20 మెగావాట్లు మాత్రమే. 1961లో బ్రిటన్, ఫ్రాన్స్ ఇంగ్లిష్ ఛానల్ కింద తీగ వేసుకున్నాయి. అక్కడి నుంచి చాలా దూరం వచ్చారు.

- నార్‌నెడ్: నార్వే - నెదర్లాండ్స్, 580 కిలోమీటర్లు, 700 మెగావాట్లు, 2008
- నార్డ్‌లింక్: నార్వే - జర్మనీ, 623 కిలోమీటర్లు, 1,400 మెగావాట్లు, 2021
- నార్త్ సీ లింక్: నార్వే - బ్రిటన్, 720 కిలోమీటర్లు, 1,400 మెగావాట్లు, 2021
- వైకింగ్ లింక్: బ్రిటన్ - డెన్మార్క్, 765 కిలోమీటర్లు, 1,400 మెగావాట్లు, 2023

1,400 మెగావాట్లు అంటే ఎంత? రామగుండంలో దశాబ్దాలుగా నడుస్తున్న ఎన్టీపీసీ థర్మల్ ప్లాంటు సామర్థ్యం 2,600 మెగావాట్లు. అందులో సగానికి మించిన కరెంటు ఒక్క లింకులో సముద్రం దాటుతోంది. పైగా అవసరాన్ని బట్టి ఇవాళ ఇటు నుంచి అటు, రేపు అటు నుంచి ఇటు పంపొచ్చు.

మన ఇంటికి వచ్చే ఏసీ కాదు.. డీసీ

ఇక్కడ ఒక ముఖ్యమైన టెక్నికల్ పాయింట్ ఉంది. మన ఇళ్లకు వచ్చేది ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. సముద్రంలో వేసే కేబుల్‌లో మధ్యన రాగి లేదా అల్యూమినియం తీగ, దాని చుట్టూ మందపాటి ఇన్సులేషన్, ఆపైన లోహపు తొడుగు ఉంటాయి. ఈ అమరిక మొత్తం ఒక పొడవాటి కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఏసీ పంపితే ఆ కెపాసిటర్‌ను ప్రతిసారీ నింపాలి, ఖాళీ చేయాలి. దూరం వంద కిలోమీటర్ల దాకా వచ్చేసరికి తీగ శక్తంతా దీనికే సరిపోతుంది. అవతలి ఒడ్డుకు చేరేది తక్కువ.

డీసీతో ఈ సమస్య లేదు. ఒకసారి నిండితే అంతే. అందుకే ఒక ఒడ్డున కన్వర్టర్ స్టేషన్‌లో ఏసీని హైవోల్టేజ్ డీసీగా మారుస్తారు. దీన్నే హెచ్‌వీడీసీ అంటారు. అవతలి ఒడ్డున మళ్లీ ఏసీగా మార్చి గ్రిడ్‌లోకి పంపుతారు. వెయ్యి కిలోమీటర్ల దూరానికి తీగలో పోయే నష్టం సుమారు 3 శాతమే.

ఇంకో లాభమూ ఉంది. అది తెలుగు రాష్ట్రాలకు బాగా తెలిసిన సంగతే. విశాఖ గాజువాకలో ఇలాంటి హెచ్‌వీడీసీ స్టేషనే ఉంది. దాని సామర్థ్యం 1,000 మెగావాట్లు. తూర్పు గ్రిడ్‌ను, దక్షిణ గ్రిడ్‌ను కలపడానికి దాన్ని కట్టారు. అక్కడ ఏసీని డీసీ చేసి, అదే ఆవరణలో మళ్లీ ఏసీగా మారుస్తారు. ఎందుకీ తిప్పలు? అంటే రెండు గ్రిడ్‌లు ఒకే లయలో నడవాల్సిన అవసరం లేకుండానే కరెంటు ఇచ్చిపుచ్చుకోవచ్చు.

దీని విలువ 2012 జులై 30, 31 తేదీల్లో తెలిసింది. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి దేశంలో సగం చీకట్లో మునిగింది. దక్షిణాది మాత్రం బయటపడింది. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే కలిసి ఉంది. అవతలి గ్రిడ్ పడిపోయినా ఆ దెబ్బ ఇవతలికి పాకలేదు. రాయచూర్ - షోలాపూర్ లైనుతో అన్ని గ్రిడ్‌లూ ఒకే లయలోకి వచ్చింది 2013 డిసెంబర్ 31న.

దేశాల మధ్య లింకులకూ ఇదే సూత్రం. పక్క దేశపు కరెంటు వస్తుంది కానీ, పక్క దేశపు బ్లాకౌట్ అంత తేలిగ్గా రాదు.

సముద్రంలో ఎలా వేస్తారు?

మనిషి చేతి మందం ఉండే కేబుల్. మీటరు ముక్క బరువే పదుల కిలోలు ఉంటుంది. ఓడ మీద పెద్ద చక్రం లాంటి వేదిక ఉంటుంది. కేబుల్‌ను దాని మీద చుట్టలు చుట్టలుగా పేర్చి తీసుకెళ్తారు. ఓడ నెమ్మదిగా కదులుతుంటే తీగ అడుక్కి దిగుతుంది. చాలాచోట్ల సముద్రపు నేలను నాగలి లాంటి యంత్రంతో చీల్చి, అందులో తీగను పూడుస్తారు. చేపల వలలు, లంగర్లు తగలకుండా ఈ జాగ్రత్త. రాతినేల వస్తే పైన రాళ్లు పోస్తారు.

ఇంతదాకా ఇంజనీర్ల పని. అది కష్టమే కానీ, ఎలా చేయాలో తెలిసిన పని. అసలు తలనొప్పి తీగ వేశాక మొదలవుతుంది.

కరెంటుతో పాటు ధర కూడా సముద్రం దాటింది

మదనపల్లె టమాటా మార్కెట్ తెలుసుగా? ఢిల్లీ, చెన్నై నుంచి లారీలు రానంత వరకు ఊళ్లో టమాటా చౌక. బయట కొరత వచ్చి లారీలు బారులు తీరితే, మదనపల్లెలో కూడా రేటు పెరుగుతుంది. పండించింది ఇక్కడే కదా అని మార్కెట్ ఊరుకోదు. రైతుకు లాభం, ఊళ్లో కొనుక్కునేవాళ్లకు భారం.

కరెంటు విషయంలోనూ ఇదే జరిగింది. యూరప్‌లో మర్నాటి కరెంటుకు ముందురోజే వేలం నడుస్తుంది. తీగలతో కలిసిన దేశాల్లో ధర తక్కువ ఉన్నచోటు నుంచి ఎక్కువ ఉన్నచోటికి కరెంటు వెళ్తుంది. దాంతో రెండు చోట్లా ధరలు దగ్గరవుతాయి.

2024 డిసెంబర్ 12న జర్మనీలో గాలి దాదాపు ఆగిపోయింది. శీతాకాలం కాబట్టి ఎండా లేదు. కరెంటు కోసం జర్మనీ ఎంతైనా పెట్టడానికి సిద్ధపడింది. ఆ సాయంత్రం దక్షిణ నార్వేలో కరెంటు ధర పదేళ్లకు పైగా ఎన్నడూ చూడనంత స్థాయికి వెళ్లింది. కేబుళ్లు ఒడ్డుకు చేరేది దక్షిణ నార్వేలోనే. ఉత్తర నార్వేకు, దక్షిణానికి మధ్య లైన్ల సామర్థ్యం తక్కువ. అందుకే ఒకే దేశంలో ఉత్తరాన కరెంటు చౌకగా, దక్షిణాన ఖరీదుగా ఉండే వింత పరిస్థితి.

నార్వేలో చలికాలంలో ఇళ్లను వెచ్చబెట్టుకునేది ఎక్కువగా కరెంటుతోనే. కాబట్టి ఇది మామూలు విషయం కాదు. 'మా కొండలు, మా నీళ్లు.. ధర మాత్రం జర్మనీ గాలి నిర్ణయిస్తుందా?' అన్నది అక్కడి జనం ప్రశ్న.

రాజకీయం వేడెక్కింది

ఈ కోపం ఎన్నికల దాకా వెళ్లింది. బ్రిటన్‌కు మరో తీగ వేసే నార్త్‌కనెక్ట్ ప్రాజెక్టుకు నార్వే ప్రభుత్వం 2023 మార్చిలోనే నో చెప్పింది. డెన్మార్క్‌తో 1976, 77లో వేసిన పాత స్కాగెరాక్ తీగల కాలం తీరాక మళ్లీ వేయకూడదని అధికార లేబర్ పార్టీ ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ ఇంధన నిబంధనల విషయంలో గొడవపడి, 2025 జనవరిలో సెంటర్ పార్టీ ఏకంగా సంకీర్ణం నుంచే బయటికి వెళ్లిపోయింది.

పక్కనున్న స్వీడన్ కూడా 2024 జూన్‌లో ఇలాంటి నిర్ణయమే తీసుకుంది. జర్మనీతో 700 మెగావాట్ల హన్సా పవర్‌బ్రిడ్జ్‌కు అనుమతి ఇవ్వలేదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. నార్వే జలవిద్యుత్ కేంద్రాల్లో అత్యధికం ప్రభుత్వం, స్థానిక సంస్థల చేతుల్లోనే ఉన్నాయి. ధర పెరిగితే వచ్చే లాభం చాలావరకు ఖజానాకే చేరుతుంది. అందులోంచే బిల్లులో సాయం ఇస్తున్నారు. 2025 అక్టోబర్ నుంచి 'నార్వే ధర' అనే పథకం కూడా తెచ్చారు. కోరుకున్న ఇళ్లకు పన్ను కాకుండా యూనిట్‌కు 40 ఓరెల స్థిర ధర. నార్వే కరెన్సీలో 100 ఓరెలు ఒక క్రోనర్.

పైగా వానలు తక్కువ పడిన ఏడాది జలాశయాలు ఎండితే, బయటి కరెంటు కావాల్సింది నార్వేకే. 2022 వేసవిలో దక్షిణ నార్వేలో నీటి మట్టాలు పడిపోయినప్పుడు, ఎగుమతులకు పరిమితి పెట్టాలా అన్న చర్చ నడిచింది. అంటే అదే తీగ ఒక ఏడాది భారంలా, ఇంకో ఏడాది ఆసరాలా కనిపిస్తుంది.

తీగ తెగితే?

2024 డిసెంబర్ 25. క్రిస్మస్ రోజు. ఫిన్లాండ్, ఎస్టోనియా మధ్య ఉన్న 650 మెగావాట్ల ఎస్ట్‌లింక్-2 ఉన్నట్టుండి ఆగిపోయింది. 'ఈగిల్ ఎస్' అనే ఆయిల్ ట్యాంకర్ తన లంగరును సముద్రపు నేల మీద కిలోమీటర్ల కొద్దీ ఈడ్చుకెళ్లిందని ఫిన్లాండ్ అధికారులు అనుమానించారు. ఓడను తమ జలాల్లోకి తీసుకెళ్లి ఆపేశారు. అటు తర్వాత 2025 అక్టోబర్‌లో హెల్సింకీ కోర్టు, ఈ కేసు తమ పరిధిలోకి రాదంటూ కొట్టేసింది. ఘటన జరిగింది ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల బయట కావడమే కారణం.

తీగ మళ్లీ పనిచేసేసరికి 2025 జూన్ వచ్చింది. దాదాపు ఆరు నెలలు! రోడ్డు పక్కన స్తంభం పడితే లైన్‌మన్ వచ్చి ఒక పూటలో సరిచేస్తాడు. సముద్రంలో అలా కుదరదు. ప్రత్యేకమైన ఓడ కావాలి, స్పేర్ కేబుల్ కావాలి, వాతావరణం అనుకూలించాలి.

ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలకు ఇది సున్నితమైన సమయం. సోవియట్ కాలం నుంచి రష్యా గ్రిడ్‌తో కలిసి ఉన్న ఈ మూడు దేశాలు 2025 ఫిబ్రవరిలో దాని నుంచి విడిపోయి యూరప్ గ్రిడ్‌లో చేరాయి. సరిగ్గా దానికి కొన్ని వారాల ముందే ఈ తీగ పోయింది. జనవరిలో బాల్టిక్ సముద్రంలో కేబుళ్ల కాపలాకు నాటో ప్రత్యేక గస్తీ మొదలుపెట్టింది.

మరి మన సంగతేంటి?

పొరుగు దేశాలతో కరెంటు పంచుకోవడం భారత్‌కు కొత్త కాదు. బంగ్లాదేశ్‌కు 2013 నుంచి పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ మీదుగా కరెంటు వెళ్తోంది. 2024 నవంబర్‌లో నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్ల మేర భారత్ గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు చేరింది. ఇవన్నీ నేల మీద లైన్లు. సముద్రం దాటే మొదటి అడుగు మాత్రం శ్రీలంక వైపే పడేలా ఉంది.

2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ కొలంబో వెళ్లినప్పుడు, కరెంటు ఎగుమతి దిగుమతుల కోసం హెచ్‌వీడీసీ లింకు వేసుకునేందుకు రెండు దేశాలు అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. తమిళనాడులోని మదురై నుంచి శ్రీలంకలోని అనురాధపుర దాకా అన్నది ఎన్నాళ్లుగానో చర్చలో ఉన్న మార్గం. పాక్ జలసంధిలో లోతు తక్కువ, దూరం కూడా ఎక్కువేం కాదు.

శ్రీలంకకు ఇది ఎంత అవసరమో తెలియాలంటే 2025 ఫిబ్రవరి 9న జరిగింది చూడాలి. కొలంబో దగ్గర పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి పరికరాలకు తగిలిందని మంత్రి చెప్పారు. అంతే, దేశమంతా కరెంటు పోయింది. ఆదివారం కాబట్టి వాడకం తక్కువ, ఎండ వల్ల సోలార్ వాటా ఎక్కువ. అలాంటప్పుడు గ్రిడ్‌లో బరువైన టర్బైన్లు కొన్నే తిరుగుతుంటాయి. చిన్న కుదుపును కూడా తట్టుకోలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం సెలవులకు వాడకం పడిపోతే, పగటిపూట రూఫ్‌టాప్ సోలార్ ఆపేయమని అక్కడి విద్యుత్ బోర్డు జనాన్ని కోరాల్సి వచ్చింది. ఎండ ఉంది, ప్యానెల్ ఉంది, కానీ ఆ కరెంటు పంపడానికి పక్కన గ్రిడ్ లేదు!

అయితే ఒక చిక్కు ఉంది. నార్వే, డెన్మార్క్ జోడీ కుదిరింది ఒకరి దగ్గర నీళ్లు, ఇంకొకరి దగ్గర గాలి ఉన్నాయి కాబట్టి. తమిళనాడులో, శ్రీలంకలో సూర్యుడు ఒకే వేళకు ఉదయిస్తాడు, ఒకే వేళకు అస్తమిస్తాడు. నైరుతి రుతుపవనాల గాలి కూడా రెండు చోట్లా ఇంచుమించు ఒకే నెలల్లో వీస్తుంది. కాబట్టి ఇక్కడ లాభం ఎండల తేడాలో లేదు. శ్రీలంక మిగులును మింగేసేంత పెద్ద గ్రిడ్, కొరత వస్తే ఆదుకునే గ్రిడ్ పక్కన ఉండటంలోనే ఉంది.

గల్ఫ్ వైపు చూపు

టైమ్ తేడా కావాలంటే పడమటికి వెళ్లాలి. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర, ఇళ్లలో లైట్లు వెలిగే వేళ. అప్పుడు రియాద్‌లో టైమ్ నాలుగు, ఇంకా ఎండ ఉంటుంది. మనకు డిమాండ్ పెరిగే గంటల్లో అక్కడి సోలార్ పనికొస్తుంది. తెల్లవారాక మన ఎండ ముందు వస్తుంది, అది వాళ్లకు ఉపయోగం. 'ఒకే సూర్యుడు, ఒకే ప్రపంచం, ఒకే గ్రిడ్' అంటూ 2021 నవంబర్‌లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్, బ్రిటన్ కలిసి ముందుకు తెచ్చిన ఆలోచన వెనకున్న లెక్క ఇదే. 2023 అక్టోబర్‌లో సౌదీతో, 2024 ఫిబ్రవరిలో యూఏఈతో గ్రిడ్‌ల అనుసంధానంపై అవగాహన ఒప్పందాలు జరిగాయి.

కాగితం మీద బాగుంది. కానీ అరేబియా సముద్రం ఉత్తర సముద్రంలా నిస్సారం కాదు. దారిలో 3 వేల మీటర్లు దాటిన లోతులున్నాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా కరెంటు కేబుళ్లు వేసిన గరిష్ఠ లోతు 2 వేల మీటర్ల స్థాయిలోనే ఉంది. ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుంది. మొరాకో ఎండను సుమారు 4 వేల కిలోమీటర్ల తీగతో బ్రిటన్‌కు తెస్తామన్న ఎక్స్‌లింక్స్ ప్రాజెక్టుకు మద్దతు ఇవ్వలేమని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూన్‌లో తేల్చేసింది.

ఏం చూడాలి?

ఇలాంటి ప్రాజెక్టు ప్రకటన వచ్చినప్పుడల్లా ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని వేల కోట్లు అన్నవే హెడ్‌లైన్లు అవుతాయి. ఉత్తర సముద్రం అనుభవం చూస్తే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రెండు వైపులా కరెంటు వచ్చే వేళల్లో తేడా ఉందా? తేడా లేకపోతే తీగకు పని తక్కువ. తీగ తెగితే ఆరు నెలలు నడిపించే ప్రత్యామ్నాయం ఉందా? అన్నిటికన్నా ముఖ్యమైనది.. అవతల కొరత వచ్చి ఇవతల ధర పెరిగితే, మామూలు ఇంటి బిల్లును కాపాడే ఏర్పాటు ఒప్పందంలోనే ఉందా?

నార్వే ఈ చివరి ప్రశ్నకు జవాబు వెతుక్కున్నది తీగలు వేశాక, జనం రోడ్డెక్కే పరిస్థితి వచ్చాక. భారత్, శ్రీలంక మధ్య తీగ ఇంకా పడలేదు. కాబట్టి ఆ ప్రశ్న అడగడానికి ఇదే టైమ్.